సింహం తల కుట్టిన చేతులు

తెలుగు సినిమా మాట్లాడ్డం నేర్చుకున్న మొదటి కథలోనే ఒక సింహం తల కావాల్సి వచ్చింది. 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’ మన తొలి టాకీ. హిరణ్యకశిపుడిగా మునిపల్లె సుబ్బయ్య, లీలావతిగా సురభి కమలాబాయి నటించారని సినిమా చరిత్ర రాసిన వాళ్ళంతా చెప్తారు. కానీ ఆ కథ ముగియాలంటే స్తంభంలోంచి ఒక నరసింహుడు రావాలి. ఆ నరసింహుడికో తల కావాలి, జూలు కావాలి, గోళ్ళు కావాలి. వాటిని చేసిన చేతుల గురించి మాట్లాడుకునే అలవాటు మనకు లేదు. నాటకమైనా, సినిమా అయినా, గుడి అయినా మనం ముఖం చూసి దండం పెడతాం. ముఖం వెనక్కి వెళ్ళి చూడం.

వెనక్కి వెళ్ళి చూసిన వాళ్ళు జపాన్ సినిమా అభిమానులు. 1954 నవంబరులో తోహో కంపెనీ విడుదల చేసిన ‘గొజీరా’ (మనం గాడ్జిల్లా అంటాం) సినిమాలో నగరాన్ని తొక్కేసే ఆ భూతం నిజానికి ఒక మనిషి తొడుక్కున్న తొడుగు. వెదురు, తీగ, గుడ్డ, రబ్బరు కలిపి చేశారు. దర్శకుడు ఇషిరో హోండా, ట్రిక్కు పనుల పెద్ద ఎయిజి త్సుబురాయా. వాళ్ళ పేర్లు ప్రపంచానికి తెలుసు. కానీ అభిమానులు అక్కడ ఆగలేదు. బొమ్మను మలిచిన తెయిజో తోషిమిత్సు, తొడుగు పనిచేసిన యాగీ సోదరులు, దాన్ని తొడుక్కుని నడిచిన హరువో నకాజిమా, అందరినీ వెతికి పట్టుకున్నారు. ముసలితనంలో వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ఎలా చేశారు, ఏం వాడారు, ఎక్కడ కాలింది, ఎక్కడ ఊపిరాడలేదు అని అడిగి రాసుకున్నారు. 2008లో ‘బ్రింగింగ్ గాడ్జిల్లా డౌన్ టు సైజ్’ అనే డాక్యుమెంటరీ కూడా వచ్చింది. మోత్రా, కింగ్ గిడోరా వంటి భూతాల తొడుగుల్లో చెయ్యి ఉన్న కెయిజో మురాసే 2024 అక్టోబరులో పోయేనాటికి 89 ఏళ్ళవాడు. పోవడానికి కొద్ది నెలల ముందే ఆయన దర్శకత్వం వహించిన సినిమా విడుదలైంది. పనివాడి జీవితాన్ని కూడా కళ చరిత్రగా చూస్తే ఇలాంటివి సాధ్యమవుతాయి.

ఆ మొదటి తొడుగు సుమారు వంద కిలోల బరువట. దాన్ని వేసుకుని నాలుగు అడుగులు వేయడమే కష్టమైతే తేలికైనది ఇంకొకటి చేశారు. నకాజిమా లోపలి నుంచి మెడ దగ్గర పెట్టిన చిన్న రంధ్రాల గుండా బయటికి చూసేవాడు. లైట్ల వేడికి చెమట కారిపోయేది. ఆ గరుకు చర్మం చూస్తే హిరోషిమా, నాగసాకిల్లో బతికి బయటపడ్డ వాళ్ళ ఒంటి మీది కాలిన మచ్చలు గుర్తొస్తాయని అంటారు. అదే ఏడు మార్చిలో అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడింది. కాబట్టి ఆ తొడుగును వేడుక బొమ్మ అని కొట్టిపారేయలేం. ఒక దేశం తన ఒంటి మీద పడ్డ గాయాన్ని తీసి, దాన్ని తొడుగ్గా కుట్టుకుని తనకు తానే చూపించుకుంది.

ఇదంతా చదువుతున్నప్పుడు నాకు రెండు సందేహాలు వచ్చాయి. ఒకటి, నేను పైన చెప్పిన పేర్లన్నీ మగవాళ్ళవే. తొడుగు అన్నాక కుట్టు ఉంటుంది, ఉతుకు ఉంటుంది, చిరిగితే మాటు వేయడం ఉంటుంది. ఈ పనులు ప్రపంచంలో ఎక్కడైనా ఎవరి మీద పడతాయో మనకు తెలియంది కాదు. రెండోది, మన నరసింహుడి తొడుగులో మనం ఏ గాయాన్ని కుట్టుకున్నాం? ఈ రెండింటినీ పట్టుకునే నంద్యాల, ఆళ్ళగడ్డ వెళ్ళాను. అహోబిలం ఆ పక్కనే. నరసింహుడి కథకు ఇంతకంటే పుట్టిల్లు లేదు.

నంద్యాలలో పౌరాణిక నాటకాలకు డ్రస్సులు అద్దెకిచ్చిన ఒక పాత ఇల్లు ఉంది. ఇప్పుడు అద్దెలు లేవు. ఇల్లు మాత్రం ఇనప ట్రంకు పెట్టెలతో నిండి ఉంది. పెద్దాయనకు ఎనభై దాటాయి. పెట్టెల మీద ఆయన పేరు తెల్ల రంగుతో రాసి ఉంది. అడగ్గానే ఉత్సాహంగా సింహం తల ఎలా చేసేదీ చెప్పారు. ముందు బంకమట్టితో ముఖం. దాని మీద పాత పేపర్లు చింతగింజల బంకతో పొర మీద పొర. ఎండాక మట్టి తీసేస్తే డొల్ల మిగులుతుంది. దవడకు తోలు పట్టీ కడితే వేషగాడు నోరు తెరిచినప్పుడల్లా సింహమూ తెరుస్తుంది. చూపు సింహం కళ్ళలోంచి కాదు, నోట్లోంచి. ఇక్కడ నాకు నకాజిమా మెడ రంధ్రాలు గుర్తొచ్చాయి. జపాన్‌లోనూ నంద్యాలలోనూ భూతం కళ్ళు జనం చూడ్డానికి, మనిషి కళ్ళు ఇంకెక్కడో.

ఆయన చెప్తున్నంతసేపూ అవ్వ గడప దగ్గర కూర్చుని వింటోంది. జూలు దేంతో చేశారని అడిగితే ఆయన కాస్త ఆగి, “గోగునార. అది మా ఇంటామె చూసుకునేది” అన్నారు. అప్పుడు అవ్వ వైపు తిరిగాను.

“నార నానబెట్టి, దువ్వి, పసుపురంగులో ముంచి, పాయలు పాయలుగా గుడ్డకు కుట్టేదాన్నమ్మా. ఒక్క తలకు పది దినాలు పట్టేది. తల బరువు కాదు, చెమటే బరువు. అందుకని లోపల ఇడిగా నూలుగుడ్డ పెట్టి గుండీలు కుట్టినా. నాటకం అయిపోయిన తెల్లారి గుడ్డ ఊడదీసి ఉతికేది. ఏ వేషగాని చెమట ఎంత ఉప్పో నాకు తెలుసు.”

హిరణ్యకశిపుడి పేగుల గురించి కూడా ఆమే చెప్పింది. నరసింహుడు గోళ్ళతో పొట్ట చీల్చి పేగులు తీసి మెడలో వేసుకుంటాడు గదా, ఆ పేగులు ఆమె పెళ్ళినాటి ఎర్రచీర. చిరిగాక పీలికలు చేసి, లోపల దూది కూరి, పొడుగ్గా కుట్టింది. ఊరూరా జనం ఆ పేగులు చూసి అరిచేవాళ్ళట. ఆ మాట చెప్పి అవ్వ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

“మరి తల సరిగ్గా వచ్చిందా లేదా ఎట్లా తెలిసేది అవ్వా?” అని అడిగాను.

“ఎట్ల తెలుస్తాది? పెట్టుకుంటే తెలుస్తాది. మొదట నేనే పెట్టుకునేదాన్ని. నోట్లోంచి దావ కనపడతాదా, ఊపిరి ఆడతాదా, మెడకాడ ఒరుసుకుంటాదా అని. ఈ ఇంట్లోనే అటూ ఇటూ నడిచేది. పిల్లోళ్ళు జడుసుకునేవాళ్ళు. అది బాగుందంటేనే పూజ. పూజ చేసినంక మాత్రం నేను ముట్టుకోగూడదు.”

“ఎందుకు?”

“ఆడదాన్ని గదా.”

ఈ రెండు మాటల్లో ఉన్న పెద్ద ప్రశ్నను ఆమె చాలా మామూలుగా చెప్పేసింది. ఆ ఇంట్లోంచి బయటికి పోయిన ప్రతి నరసింహుడి లోపలా మొదట ఉన్నది ఒక ఆడమనిషి. తల ఆమె మెడకు సరిపోయాకే మగవాడి మెడ మీదికి పోయింది. కానీ దేవుడైన మరుక్షణం అది ఆమెకు అంటరానిది. లెక్కల పుస్తకం ఉందా అంటే పెద్దాయన తీసి చూపించారు. కాగితం, రంగులు, తోలు, ట్రంకు మోసిన కూలీ, అన్నీ ఉన్నాయి. కుట్టు కూలి లేదు. “ఇంట్లో ఆడోళ్ళు కుట్టేదానికి లెక్కేముంటాదమ్మా” అన్నారాయన, కోపంగా కాదు, నా ప్రశ్న నిజంగా అర్థంకాక. అవ్వ ఏమీ అనలేదు. కాసేపటికి, “ఉండాల్సింది” అంది నెమ్మదిగా. ఆయన విన్నారో లేదో.

హిరణ్యకశిపుడి వరం మనకందరికీ తెలుసు. మనిషి చేత కాదు, మృగం చేత కాదు. పగలు కాదు, రాత్రి కాదు. లోపల కాదు, బయట కాదు. అందుకే నరసింహుడు గడప మీద కూర్చుని చంపుతాడు. ఈ కథను తెలివైన దేవుడు తెలివైన రాక్షసుణ్ణి ఓడించిన కథగానే మనకు చెప్పారు. నేను గడప గురించి ఆలోచిస్తాను. లోపలికీ బయటికీ మధ్య ఉండే ఆ జాగా మన ఇళ్ళలో ఎవరిది? పసుపు రాసేది, ముగ్గు పెట్టేది, దాటొద్దని చెప్పించుకునేది ఎవరు? దేవుడికి ఒక్క సాయంత్రం పనికొచ్చిన చోటు ఆడవాళ్ళకు జన్మంతా కేటాయించిన చోటు. అవ్వ కూర్చున్నదీ అక్కడే.

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ నలభై కిలోమీటర్ల పైనే. రోడ్డు పొడవునా శిల్పశాలలు, వాటి ముందు సగం చెక్కిన నందులు, ఆంజనేయస్వాములు, నాయకుల విగ్రహాలు. ఆళ్ళగడ్డ శిల్పులకు పేరుంది. వాళ్ళ విగ్రహాలు వేరే రాష్ట్రాలకూ పోతాయి. నేను కలిసిన శిల్పి డెబ్బయ్యో పడిలో ఉన్నారు. ముఖం పొడవును కొలతగా తీసుకుని దానికి ఇన్ని రెట్లు శరీరం అని లెక్కగట్టే తాళమానం ఆయనకు నోటికి వచ్చు. నరసింహుడిలో ఏది కష్టమని అడిగితే మెడ అన్నారు.

“సింహం యాడ అయిపోయి మనిషి యాడ మొదులైతాడో కనపడగూడదు. కనపడితే బొమ్మైపోతాది. అందుకే జూలు ఉండేది. అతుకు దాచేదానికే.”

నంద్యాల అవ్వ పది రోజులు కుట్టిన జూలు పనీ అదే. కాగితం తల, మనిషి మెడ కలిసే అతుకును దాచడం. రాతిలో చెక్కితే దానికి శాస్త్రం ఉంది, శ్లోకం ఉంది, పరంపర ఉంది. నారతో కుడితే అది ఇంటి పని. ఒకే సమస్యకు రెండు పరిష్కారాలు, ఒకదానికి శిల్పమని పేరు, ఇంకోదానికి పేరే లేదు. కళకూ పనికీ మధ్య గీత ఎక్కడ గీస్తారో చూడండి. ఆ గీత వస్తువును బట్టి ఉండదు, చేతిని బట్టి ఉంటుంది.

శిల్పశాలలో ఒక పక్క ఇద్దరు ఆడవాళ్ళు నీళ్ళు చల్లుకుంటూ చెక్కిన విగ్రహాన్ని రుద్దుతున్నారు. ముఖానికి పైట చెంగు కట్టుకున్నారు. కోత మెషిన్లు వచ్చాక పని తొందరయ్యింది, దుమ్మూ పెరిగింది. రాతి దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. దానికి సిలికోసిస్ అని పేరు, పోయిన ఊపిరి తిరిగి తెచ్చే మందు లేదు. వాళ్ళలో పెద్దామె కళ్ళు మూసుకుని విగ్రహం చెంప మీద వేళ్ళు ఆనించి, “ఇంగా ఉండాది, గరుకు” అంది. నాకు కంటికి ఏ తేడా కనపడలేదు. “మీరూ శిల్పులే గదా అక్కా” అంటే ఆమె వెంటనే, “అయ్యో, మాది పాలిష్ పనే” అంది. రోజుకూలి చెప్పింది. మగవాళ్ళ కూలీ చెప్పింది. తేడా మీరు ఊహించుకోగలరు.

గొజీరా తొడుగు లోపల నకాజిమాకు ఊపిరాడలేదని మనకు తెలుసు, ఎందుకంటే ఎవరో వెళ్ళి అడిగారు. ఆళ్ళగడ్డలో దేవుడి చెంప నునుపు చేస్తూ ఊపిరి పోగొట్టుకునే మనిషిని అడగడానికి ఎవరు పోతారు? భక్తులు విగ్రహాన్ని అడుగుతారు.

అహోబిలం కథలు ఈ విషయంలో మన సినిమాల కంటే నిజాయితీగా ఉన్నాయని నాకనిపిస్తుంది. తొమ్మిది నరసింహుల్లో ఒకడైన జ్వాలా నరసింహుడు చీలుస్తూ ఉంటాడు. మాలోల నరసింహుడి పక్కన లక్ష్మి ఉంటుంది, ఆయన చల్లబడి ఉంటాడు. మగవాడి కోపాన్ని చల్లార్చడం ఆడదాని పని అన్న పాత పాఠమే ఇది, అందులో కొత్తేమీ లేదు. కానీ చెంచులక్ష్మి కథ వేరు. అడవి ఆమెది. విల్లు ఆమెది. ఆయనే ఆమె గుమ్మం ముందుకు రావాలి. చెంచులు ఇవాళ్టికీ నరసింహుణ్ణి తమ ఇంటి అల్లుడిగానే చూసుకుంటారు. దిగువ అహోబిలం గుడి రాతి పనిలో చెంచితతో ఉన్న నరసింహుడు సింహం ముఖంతోనే ఉంటాడు. ఆమె ప్రేమించింది ఆ ముఖాన్నే. శిల్పి ఆమెకు ఇంకో అందగాణ్ణి చూపించి మోసం చేయలేదు.

సినిమా చేసింది. 1943లో ఒకసారి, 1958లో బి.ఎ. సుబ్బారావు దర్శకత్వంలో ఇంకోసారి ‘చెంచులక్ష్మి’ తీశారు. రెండోదానిలో అంజలీదేవి చెంచులక్ష్మి, అక్కినేని నాగేశ్వరరావు నాయకుడు. ప్రేమ దగ్గరికి వచ్చేసరికి సింహం తల తీసేశారు. చంపడానికి తొడుగు కావాలి, పాట పాడటానికి అక్కర్లేదు. మార్కెట్ లెక్క అర్థమవుతుంది, హీరో ముఖం కనపడాలి. కానీ ఆ లెక్కలో పోయిందేమిటి? భయపెట్టే రూపాన్ని భయపడకుండా చూడగలిగిన ఒక అడవి స్త్రీ చూపు పోయింది. రాతిలో ఉన్న ఆమె ధైర్యం వెండితెర మీద చిలిపితనంగా మారిపోయింది.

తొడుగుల గురించి ఇంత మాట్లాడి ‘మాయాబజార్’ దగ్గర ఆగకపోతే ఎలా? గొజీరా వచ్చిన మూడేళ్ళకు, 1957లో, తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి దాన్ని తీశారు. మార్కస్ బార్ట్‌లే కెమెరా, గోఖలే, కళాధర్‌ల కళ. జపాన్ వాళ్ళు బొమ్మ టోక్యో కట్టి తొక్కించినట్టే మనవాళ్ళు వందల చిన్న ఇళ్ళతో బొమ్మ ద్వారక కట్టి దీపాలు వెలిగించారు. ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడికి కిరీటం, గద, భుజకీర్తులు అన్నీ ఉన్నాయి. అయినా ఆ సినిమాలో అన్నిటికంటే గొప్ప రాక్షస వేషం సావిత్రిది అంటాను. ఆమెకు రబ్బరు లేదు, జూలు లేదు, కోరలు లేవు. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి వచ్చాక ఆమె చేసిందల్లా నడక మార్చడం, భుజం ఎగరేయడం, కనుబొమ్మ ముడవడం, అంతలోనే గుర్తొచ్చి సిగ్గుపడటం. పెళ్ళిపీటల మీద లక్ష్మణకుమారుణ్ణి హడలగొట్టడం.

గొజీరాలో మనిషి భూతాన్ని తొడుక్కున్నాడు. ఇక్కడ భూతం ఆడపిల్లను తొడుక్కుంది. తొడుక్కోవడానికి వీలైందంటే అర్థం ఏమిటి? ఆ వాలుచూపు, ఆ చిన్న అడుగు, ఆ తలొంపు, మనం ఆడతనమని, పుట్టుకతో వచ్చిందని నమ్మినవన్నీ ఒక కుట్టిన వేషమే అన్నమాట. ఎక్కడో అతుకు ఉంది. సావిత్రి ఆ అతుకును దాచకుండా మనకు చూపిస్తూ నవ్వించింది. ఆళ్ళగడ్డ శిల్పి దాచాలన్న మెడను ఆమె తెరిచి పెట్టింది. ఆమె తెలిసి చేసిందా తెలియక చేసిందా అన్నది నాకు ముఖ్యం కాదు. తెర మీద ఉంది, చూడొచ్చు.

అయితే సావిత్రి పేరు మనకు తెలుసు. నటికి కనీసం ముఖం ఉంటుంది. సురభి వాళ్ళను తీసుకోండి. 1885లో కడప జిల్లా సురభిలో ‘కీచకవధ’తో మొదలైన ఆ కుటుంబాల్లో ఆడవాళ్ళు స్టేజీ మీద ఆడవేషాలు వేశారని, అప్పటి రోజుల్లో అదెంత సాహసమో మనం చెప్పుకుంటూనే ఉన్నాం. చెప్పుకోవాలి కూడా. కానీ తెర వెనక డ్రస్సు మార్చిన వాళ్ళ గురించి, ట్రిక్కు సీనుకు గుడ్డ కుట్టిన వాళ్ళ గురించి అంత చెప్పుకోం. స్త్రీల చరిత్ర రాసేటప్పుడు మనమూ దీపం వెలుగులోకి వచ్చిన వాళ్ళనే ఎక్కువగా చూస్తున్నామేమో ఆలోచించుకోవాలి.

పేర్లు రాసినంత మాత్రాన కూలి వస్తుందా, ఊపిరి తిరిగొస్తుందా అని ఎవరైనా అడగొచ్చు. రాదు. ఆళ్ళగడ్డలో పాలిష్ పని చేసే ఆడవాళ్ళకు ముందు కావలసింది మాస్కులు, సమాన కూలి, ఏడాదికోసారి ఛాతీ పరీక్ష. అది శిల్పశాలల వాళ్ళతో, ప్రభుత్వంతో తేల్చుకోవాల్సిన పని. కానీ పని అని ఒప్పుకోనిదానికి కూలి అడగలేం. లెక్కల పుస్తకంలో లేని కుట్టు, శిల్పం కాదన్న పాలిష్, రెండూ ముందు పేరు తెచ్చుకోవాలి. సాహిత్య విమర్శ, కళా విమర్శ చేయగలిగింది ఆ కాస్తే. ఆ కాస్తయినా చేయకపోతే మనం కూడా ముఖం చూసి దండం పెట్టేవాళ్ళలో కలిసిపోతాం.

జపాన్‌లో మొదటి తరం తొడుగు పనివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, చెప్పాల్సింది చాలావరకు చెప్పించుకున్నాక. మన డ్రామా డ్రస్సుల ఇళ్ళలో, తోలుబొమ్మల వాళ్ళ ఇళ్ళలో, శిల్పశాలల్లో ఇంకా అవ్వలు ఉన్నారు. వాళ్ళకు ఎనభయ్యేళ్ళు. ఈ పత్రిక చదివేవాళ్ళలో రాయలసీమ వాళ్ళు, కోస్తా వాళ్ళు, తెలంగాణ వాళ్ళు అందరూ ఉన్నారు. మీ ఊళ్ళో పాత నాటక సమాజం ఏదైనా ఉంటే, ట్రంకు పెట్టె మీద పేరున్న పెద్దాయనతో మాట్లాడండి. ఆ తర్వాత తప్పకుండా, జూలు ఎవరు కుట్టారని అడగండి. ఆయన కాస్త ఆగుతారు. ఆ ఆగినచోట మీరు తొందరపడి వేరే ప్రశ్న వేయకండి.